పార్కులేనులో ఒక పగలు

పుణ్యక్షేత్రాలకు ప్రయాణం కట్టేవారున్నారు. పెళ్ళిచూపులకు వెళ్ళేవారున్నారు. ఊరికే గాలిమార్పు కోసం రైలెక్కేవారూ లేకపోలేదు. కాని ముసలి కంప్యూటరుకు వైద్యం చేయించటానికని దాన్ని దుప్పటిలో చుట్టి, పసిబిడ్డను తీసుకుపోయినట్టు తీసుకుపోయినవాళ్ళు ఎక్కువమంది ఉండరనుకుంటాను. 2025 డిసెంబరులో నేనూ మా తమ్ముడూ అటువంటి ప్రయాణమే చేశాము. హనుమకొండనుంచి కాజీపేట, కాజీపేటనుంచి సికిందరాబాదు. మొత్తం 140 కిలోమీటర్లయినా ఉండదు. కాని కాశీకి పోయి వచ్చినవాళ్ళు కూడా మా అంత ఆయాసపడి ఉండరు.

మా తమ్ముడికి హనుమకొండలో చిన్న ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళకు ఫోటోలూ వీడియోలూ తీసి, అనవసరమైనవి కోసేసి, మిగిలినవి కూర్చి, పాటలు చేర్చి ఇస్తాడు. ఈ కోతా కూర్పూ అంతా ఒక్క కంప్యూటరు మీదనే. ఇళ్ళల్లో పిల్లలు ఆడుకునే రకం కాదది. ఇంజనీర్లూ, సినిమావాళ్ళూ రాత్రింబగళ్ళు పని చేయించుకోవటానికని ప్రత్యేకంగా తయారుచేసే రకం, వర్క్‌స్టేషన్ అంటారు. హెచ్.పి. జెడ్ 420 అనే ఈ తరహా 2012లో బజారులోకి వచ్చింది. మావాడు 2013లో, పెళ్ళయిన కొత్తలో, మా మరదలి గాజులు బ్యాంకులో పెట్టి దాన్ని కొన్నాడు. మూడేళ్ళకు గాజులు ఇంటికి వచ్చాయి. యంత్రం మాత్రం పన్నెండేళ్ళుగా ఆ ఇంటికి అన్నం పెడుతూనే ఉంది.

ఇప్పుడు దానికి వయసు మీదపడింది. పొద్దున మీట నొక్కి, స్నానం చేసి, టిఫిను తిని వస్తేగాని తెర కుదుటపడదు. కరెంటు పోయి వచ్చిందంటే, ఈవేళ తేదీ ఏమిటో మరచిపోయి ఎప్పటి సంవత్సరమో చూపిస్తుంది. కొత్త కెమేరాలు 4కె అని, వెనకటికంటె నాలుగింతలు చుక్కలున్న బొమ్మలు తీస్తున్నాయి. ఆ బొమ్మను ఆడించబోతే, తాళి కట్టబోయే పెళ్ళికొడుకు చెయ్యి గాలిలో పెట్టి అలాగే నిలబడిపోతాడు! ఇది చాలదన్నట్టు, విండోస్ 10కు కంపెనీవారు మామూలుగా ఇచ్చే మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వారి అంగీకారపు జాబితాలో ఇంత పాత ప్రాసెసరుకు చోటు లేదు.

ఊళ్ళో ఒక దుకాణదారును అడిగితే, "ఇది పాత ఇనుముకు పనికొస్తుంది. కొత్తది లక్షా ఎనభై వేలవుతుంది" అన్నాడు. మరొకాయన, "అక్కరలేదు, ఎనిమిది కోర్ల ప్రాసెసరు తెప్పించి వేస్తాను, గుర్రంలా పరుగెడుతుంది. ఇరవై రెండు వేలు. సగం బయానా ఇవ్వండి" అన్నాడు. మా తమ్ముడు ఆ గుర్రం మీద మనసు పడ్డాడు. ఆ రాత్రి మా మరదలు నాకు ఫోను చేసింది.

"బావగారూ, మీరొక్క మాట చెప్పండి. వచ్చే జూన్‌లో పాప ఇంటర్లో చేరాలి. ఆ ఫీజు డబ్బులే ఈయన దాని మీద పెడతానంటున్నారు. ఇంకోటి కూడా ఉంది. ఆ డిస్కులోంచి టిక్ టిక్ అని చప్పుడు వస్తోంది. ములుగువాళ్ళ పెళ్ళి అందులోనే ఉంది."

ములుగువాళ్ళ పెళ్ళి సంగతి నాకు తెలుసు. పెళ్ళయిన నెలకే పెళ్ళికూతురి తండ్రి కాలం చేశాడు. వాళ్ళకిచ్చిన మూడు గంటల సినిమా కాక, తీసినదంతా, కోయకుండా, తమకు కావాలని ఆ అమ్మాయి అడిగింది. తీసినదంతా ఉన్నది ఆ ఒక్క డిస్కులోనే.

నేను చెప్పేది ఛందస్సూ వ్యాకరణమూ. కంప్యూటరు లోపల ఏముంటుందో నాకేం తెలుసు? కాని తెలియనివాడు చేయగలిగిన మంచిపని ఒకటుంది: తెలిసినవాడిని వెతకడం. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న నా పాత శిష్యుడికి ఫోను చేశాను. "సార్, సీటీసీల ఒక సాహెబు ఉంటడు. బయానా ఇచ్చుడు బంద్ పెట్టుండ్రి. ముందుగాల ఆయనకు చూపెట్టుండ్రి" అన్నాడు. అదృష్టవశాత్తు మూఢం రోజులు. పెళ్ళిళ్ళు లేవు, స్టూడియోకు పనీ లేదు. ఫోటోగ్రాఫరు తన యంత్రానికి మరమ్మతు చేయించుకోవటానికి మూఢాన్ని మించిన ముహూర్తం లేదు సుమా!

రైల్లో దాన్ని కాళ్ళదగ్గర పెట్టుకుని కూర్చున్నాము. ఎదుటి బల్లమీద ఒక అవ్వ చాలాసేపు ఆ దుప్పటి మూటను పరకాయించి, "గిర్నీ మిషినా, బిడ్డా?" అని అడిగింది.

"అట్లనే అనుకో అవ్వా. మా ఇంట్ల గింజలు దీంతోనే" అన్నాడు మా తమ్ముడు.

సికిందరాబాదు స్టేషనులో దిగి ఆటో మాట్లాడుకున్నాము. మూడవ నిజాం సికందర్ జా పేరుతో 1806లో వెలిసిన ఊరిది. అప్పట్లో కంపెనీ దొరల సైన్యాలకు విడిది. ఆ వాసన ఇంకా వీధులకు ఉంది. 1897లో ప్రారంభించిన గడియార స్తంభం దాటి, మహాత్మాగాంధీ రోడ్డు పట్టాము. దీన్నే పూర్వం జేమ్స్ స్ట్రీట్ అనేవారు. రోడ్డుకు పేరు మారింది గాని రద్దీ మారలేదు. అక్కడికి దగ్గరలోనే ప్యారడైజ్ కూడలి, దాని పక్కనే పార్కులేను.

పేరు విని అక్కడ పూలచెట్లూ బల్లలూ ఉంటాయనుకునేవారు నిరాశపడతారు. పార్కులేను కంప్యూటర్ల బజారు. అందులో నడిమి గుడివంటిది చెనాయ్ ట్రేడ్ సెంటర్. అందరూ సీటీసీ అంటారు. అంతస్తు మీద అంతస్తు, వసారాల వెంట చిన్న చిన్న కొట్లు. కొన్ని పాన్ డబ్బాకంటె పెద్దవి కావు. ఒక కొట్టునిండా తీగల చుట్టలు. దాని పక్కదానినిండా ల్యాప్‌టాపుల మూతలు, మామిడితాండ్ర ముక్కల్లా ఒకదానిమీద ఒకటి. మెట్లమీద పెట్టెలు మోసుకుంటూ ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు. కరిగిన సీసంలోంచి లేచే పొగవాసన. తెలుగులో ధర అడిగితే ఉర్దూలో తగ్గించి, హిందీలో బిల్లు రాసిస్తారు.

ఈ బజారులో మీరు ఏం కొంటారని అడిగేవాళ్ళు నూరుమంది ఎదురవుతారు. మీకు ఏమయిందని అడిగేవాడిని వెతుక్కోవాలి.

మా సాహెబు గారి కొట్టు ఒక వసారా చివర ఉంది. అరవై ఏళ్ళుంటాయి. నెరిసిన గడ్డం, ముక్కుమీదికి జారిన కళ్ళజోడు. కుర్రతనంలో రేడియోలు, తరువాత టీవీలు, ఆ తరువాత ఇవి బాగుచేశాడట. మేము మూట విప్పుతుండగానే మా తమ్ముడు, "చాచా, దీంట్ల ఎనిమిది కోర్ల ప్రాసెసరు వెయ్యాలె" అని మొదలుపెట్టాడు.

ఆయన చెయ్యెత్తి ఆపాడు. "అది తర్వాత చూద్దాం బేటా. లోపల ఉన్నదానికి నకలు ఉన్నదా?"

లేదన్నాడు మావాడు.

"అయితే ఈ పెట్టె మూత నేను తియ్య. ముందు నకలు. యంత్రం పోతే బజార్ల దొరుకుతది. లోపలిది పోతే ఏ బజార్ల దొరకది."

నాకు ఆయనమీద గురి కుదిరింది. యంత్రానికి కరెంటు ఇచ్చి, డిస్కు తనను గురించి తాను రాసుకునే ఆరోగ్యపు చిట్టాను తెరమీదికి తెప్పించాడు. ప్రతి డిస్కూ, తనలో పాడైన గడులను పక్కనపెట్టి, బదులుకని దాచుకున్న గడులను వాడుకుంటుందట. ఎన్ని వాడిందో లెక్క ఉంటుంది. కొత్తలో అది సున్నా. మాదానిలో సున్నా ఎప్పుడో దాటింది. "ఈ అంకె పెరుగుతున్నదంటె, డిస్కు చీటీ రాసి పెట్టినట్టు. పోతున్నా అంటున్నది" అన్నాడు సాహెబు.

అప్పటికప్పుడు 4 టెరాబైట్ల కొత్త డిస్కు ఒకటి కొన్నాము. పాతదానిలో ఉన్నది దగ్గరదగ్గర ఒక టెరాబైటు. సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున నడిచినా మూడు గంటలు పడుతుంది. "మీరు పోయి చాయ్ తాగి రండ్రి సార్. ఇక్కడ కూసుంటె ఇది తొందరగ కాదు" అన్నాడాయన. ఆపరేషను గది బయట చుట్టాలను పంపించే డాక్టరు కూడా అలాగే అంటాడు.

మూడు గంటలు! మా తమ్ముడి మొహంలో నెత్తురుచుక్క లేదు. వాడిని లేవదీసుకుని ప్యారడైజ్ దాకా నడిచాను. 1953లో సినిమా హాలు పక్కన చిన్న క్యాంటీనుగా మొదలైనది, ఇప్పుడు ఊరూరా తెలిసిన పేరయింది. పేరు అది ఆ సినిమా హాలుదే. మేము మాత్రం ఒక చిన్న ఇరానీ హోటలులో కూర్చుని, చాయిలో ఉస్మానియా బిస్కత్తు ముంచుకున్నాము. చాయ్ చల్లారిపోయినా మావాడు తాగలేదు.

"అన్నా, ఆ డిస్కు మధ్యల ఆగిపోతే ఆ పిల్లకు ఏమని చెప్పాలె?"

నా దగ్గర జవాబు లేదు. "ఆగదులే" అన్నాను. అన్నగారైనవాడు ఇంకేమంటాడు?

తిరిగి వస్తుంటే ఒక సందులో ట్రాలీ ఆటో నిండా పాత కంప్యూటర్ల డొక్కులు ఎక్కిస్తున్నారు. 2022 ఒక్క సంవత్సరంలో ప్రపంచంలో పోగైన విద్యుత్ పరికరాల చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులని ఐక్యరాజ్యసమితివారి లెక్క. అందులో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినట్టు దాఖలా ఉన్నది నాలుగోవంతు కూడా లేదు. ఆ డొక్కుల్లో ఎన్నిటికి నిజంగా ఆయుష్షు తీరిందో, ఎన్నిటికి ఒక్క ముక్క మారిస్తే సరిపోయేదో!

నాకు మా అమ్మ ఇత్తడి గిన్నెలు జ్ఞాపకం వచ్చాయి. మా చిన్నతనంలో ఏటా ఒకసారి కళాయి పెట్టేవాడు వీధిలోకి వచ్చేవాడు. వాకిట్లో చిన్న గొయ్యి తీసి, తిత్తితో నిప్పు రాజేసి, గిన్నె కాల్చి, నవాసారం చల్లి, తగరం కరిగించి గుడ్డతో తిప్పేసరికి, నల్లటి గిన్నె లోపల వెన్నెల కాసినట్టుండేది. కాని కళాయికి ముందు అతడు ప్రతి గిన్నెనూ బోర్లించి, అడుగున వేలి కణుపుతో కొట్టి వినేవాడు. ఏ గిన్నెనైనా పక్కన పెట్టి, "అమ్మా, దీని అడుగు పలచబడ్డది. దీనికి కళాయి దండగ" అనేవాడు. తనకు రావలసిన డబ్బు తానే వదులుకునే ఆ మాటకోసమే మా అమ్మ మరొకరిని పిలిచేది కాదు.

మేము తిరిగి వెళ్ళేసరికి నకలు పూర్తయింది. రెండు మూడు చోట్ల డిస్కు మొరాయించిందట. ఆపి, చల్లబడనిచ్చి, మళ్ళీ నడిపించి, సాహెబు మొత్తం లాగాడు. పాతదానిలో ఎన్ని ఫైళ్ళున్నాయో కొత్తదానిలో అన్నీ వచ్చాయో లేదో లెక్క చూశాడు. "లెక్క సరిపోతే చాలదు. తెరిచి చూసుకో బేటా" అన్నాడు. మా తమ్ముడు ఒక ఫైలు తెరిచాడు. పందిట్లో పెళ్ళికూతురి తండ్రి, పళ్ళెంలో అల్లుడి కాళ్ళు కడుగుతూ, పక్కనున్నవారెవరో ఏదో అంటే తలెత్తి నవ్వాడు. మావాడు తెరవంక చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ కొట్టులో ఎవరూ కాసేపు మాట్లాడలేదు.

"ఇప్పుడు జాతకం చూద్దాం" అన్నాడు సాహెబు.

జాతకమేమిటని నేను ఆశ్చర్యపోయాను. యంత్రాన్ని ఆపి, మళ్ళీ ప్రారంభిస్తూ ఒక మీట నొక్కాడు. నీలిరంగు తెరమీద ఏవో వివరాలు వచ్చాయి. అందులో ఒక వరుసమీద వేలుపెట్టాడు. బూట్ బ్లాకు తేదీ: 2011 డిసెంబరు 28.

"ఇది ఈ యంత్రం పుట్టిన నక్షత్రం సార్."

ఆయన చెప్పినది నాకు అర్థమైనంతవరకు ఇది. యంత్రం మేలుకోగానే తాను ఎవరో, తనలో ఏమేమి ఉన్నాయో గుర్తు చేసుకోవటానికి ఒక చిన్న పాఠం దానిలో రాసి ఉంటుంది. బయాస్ అంటారు. ఆ పాఠాన్ని కంపెనీవారు అప్పుడప్పుడు సవరించి ఇస్తారు. కాని అన్నిటికంటె అడుగున ఉన్న చిన్న ముక్క, బూట్ బ్లాకు, ఆ సవరణలకు అందదు. అది పుట్టుకతో వచ్చిన బుద్ధి. ఈ జెడ్ 420లలో 2011 తేదీ ఉన్నవి 2012 తరం ప్రాసెసర్లను మాత్రమే గుర్తుపడతాయి. 2013 మార్చి తేదీ ఉన్నవైతే, ఆ ఏడాది వచ్చిన రెండో తరం ప్రాసెసర్లనూ రానిస్తాయి. పైకి చూస్తే రెండూ అచ్చంగా కవలపిల్లలే.

మా తమ్ముడికి ఊళ్ళో బేరమైన ఎనిమిది కోర్లది రెండో తరానిది. ఇరవై రెండు వేలు పోసి తెచ్చి పెడితే, యంత్రం దాని మొహం కూడా చూసేది కాదు!

మావాడు కొంతసేపు నోరు మెదపలేదు. తరువాత, "అయితే మొదటి తరంల పెద్దది లేదా చాచా?" అన్నాడు.

"ఉన్నది. ఇప్పుడు నీకు ఉన్నది జియాన్ ఇ5-1620, నాలుగు కోర్లు. 1650 అని ఆరు కోర్లది దొరుకుతది. వేస్తె సినిమా ఆఖరుకు తయారయ్యే టైం కొంత తగ్గుతది. కాని నీ బాధ అది గాదు గదా! నీ బాధ, బొమ్మ ఆగిపోవుడు. దాని మందు వేరే."

ఆ తరువాత రెండు గంటలసేపు జరిగినది నాకు కన్నులపండువే. ముందు మూత తీశాడు. పన్నెండేళ్ళ దుమ్ము బూజుపట్టిన అటకలా ఉంది. గాలి కొట్టి, కుంచెతో తుడిచి, ప్రాసెసరు మీది లోహపు పెళ్ళల దిమ్మను విప్పాడు. ప్రాసెసరు వేడిని ఆ దిమ్మకు అందించటానికి మధ్యలో పూసే లేపనం ఎండి, పాత గోడసున్నంలా రాలింది. ఆ ప్రాసెసరు 130 వాట్ల దాకా వేడి పుట్టించేది. వేడి పోయే దారి మూసుకుపోతే, కాలిపోకుండా తన పరుగు తానే తగ్గించుకుంటుందట. "ముసలిదై నెమ్మదించింది అనుకుంటున్నరు మీరు. దానికి ఊపిరి ఆడుతలేదు, అంతే" అన్నాడు సాహెబు. కొత్త లేపనం పూశాడు. మరచిపోయే తేదీకి మందు, రూపాయి బిళ్ళంత బ్యాటరీ. మూడు వోల్టులది. చేతిగడియారాలు బాగుచేసేవాడి దగ్గర కూడా దొరుకుతుంది.

ఇక జ్ఞాపకశక్తి. యంత్రంలో మెమొరీ ముక్కలు పెట్టే గాడులు ఎనిమిది. నాలుగింట్లో నాలుగేసి గిగాబైట్లవి ఉన్నాయి, నాలుగు ఖాళీ. పక్క కొట్టులో పెద్ద సర్వర్లలోంచి తీసిన పాత ముక్కలు బుట్టనిండా చవకగా అమ్ముతున్నారు. మా తమ్ముడు నాలుగు ఏరుకొచ్చాడు. సాహెబు వాటి మీది చీటీ చదివి తిప్పి పంపాడు. మా వాటిమీద అంకెల చివర 'ఇ' అనే ఇంగ్లీషు అక్షరం ఉంది. వాడు తెచ్చినవాటి చివర 'ఆర్'. రెండూ డిడిఆర్3 జాతే, వేగం కూడా ఒకటే. కాని 'ఆర్' రకానికి మధ్యలో ఒక దుబాసీ ఉంటుంది, 'ఇ' రకానికి ఉండదు. రెండిటినీ కలిపి పెడితే యంత్రం లేవదు. వ్యాకరణం చెప్పుకు బతికేవాడిని, నాకు ఈ ముక్క బాగా నచ్చింది. ఒక్క అక్షరంతో అర్థం తలకిందులయ్యేది మా శాస్త్రంలోనే అనుకున్నాను. 'ఇ' రకంవి ఎనిమిదేసి గిగాబైట్లవి నాలుగు దొరికాయి. పాత పదహారు, కొత్త ముప్ఫైరెండు, వెరసి 48.

పెళ్ళికొడుకు చెయ్యి గాలిలో ఆగిపోయే జబ్బుకు మందు బొమ్మల కార్డు. కొత్త కెమేరాలు బొమ్మలను హెచ్.265 అనే పద్ధతిలో బాగా మడతపెట్టి దాస్తాయి. చోటు కలిసివస్తుంది గాని, చూడాలంటే ప్రతిసారీ ఆ మడతలు విప్పాలి. ఆ పద్ధతికి ఆమోదం వచ్చినది 2013లో. మా యంత్రంలోని కార్డు అంతకు ముందు పుట్టింది. దానికా విద్య రాదు. అందుచేత భారమంతా ప్రాసెసరు మీద పడుతోంది. 2019లో వచ్చిన ఎన్విడియా జీటీఎక్స్ 1650 అనే కార్డులో మడతలు విప్పటానికని ప్రత్యేకమైన భాగం ఉంది. పైగా అది తినేది 75 వాట్లు. అంతమేరకు కార్డు పెట్టే గాడినుంచే అందుతుంది, వేరే తీగ అక్కరలేదు. వాడిన కార్డు ఒకటి బేరమాడి, అరగంటసేపు ఆపకుండా నడిపించి చూచిన తరువాతగాని డబ్బు ఇవ్వనివ్వలేదు సాహెబు.

చివరిది అసలు మందు. పాత డిస్కులో పళ్ళేలు నిమిషానికి 7,200 సార్లు తిరుగుతాయి. కావలసిన అక్షరం ముల్లు కిందికి వచ్చేదాకా ప్రతిసారీ ఆగాలి. ఎస్.ఎస్.డి. అనే కొత్తదానిలో తిరిగేది ఏమీ లేదు; అడగటమే తడవు ఇస్తుంది. దాన్ని తగిలించటంలోనూ ఒక కిటుకుంది. యంత్రంలో సెకనుకు 6 గిగాబిట్ల దారులు రెండే. తక్కినవి 3 గిగాబిట్లవి. ఎక్కడ పడితే అక్కడ తగిలిస్తే సగం వేగం గాలికి పోతుంది. విండోసును పాతదానినుంచి మోసుకురాకుండా దానిమీద కొత్తగా ఎక్కించాడు.

మీట నొక్కాడు. నేను కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకునేలోపల తెర వచ్చింది!

ఖర్చు చెప్తే ఇళ్ళు నడిపేవారికి ఉపయోగపడుతుంది. నకలు డిస్కుకు 9,500, ఎస్.ఎస్.డి.కి 7,500, మెమొరీకి 4,000, కార్డుకు 7,000, సాహెబు గారి కూలి 1,500. అన్నీ కలిసి 29,500 రూపాయలు. పాత డిస్కును మాత్రం ఇక దేనికీ వాడవద్దన్నాడు.

డబ్బు లెక్కపెట్టి ఇస్తుంటే ఆయన మా తమ్ముణ్ణి కూర్చోబెట్టాడు. "ఇది పడుచుది అయ్యిందని అనుకోకు బేటా. నాలుగు మాటలు యాదిల పెట్టుకో" అన్నాడు. మొదటిది: విండోసుకు మద్దతు లేదు గనుక, దీన్ని ఇంటర్నెట్టుకు కలపవద్దు; ఆ పనులకు ఇంట్లో వేరే ల్యాప్‌టాపు ఉంది. రెండవది: వీడియో కూర్చే కొత్త సాఫ్ట్‌వేర్లు కొన్ని ఎ.వి.ఎక్స్.2 అనే ఆదేశాలు తెలిసిన ప్రాసెసరునే అడుగుతున్నాయి; ఇంటెల్ వారు వాటిని 2013లో హాస్వెల్ తరంతో తెచ్చారు, దీనికి రావు. కాబట్టి ఇప్పుడున్న సాఫ్ట్‌వేరునే ఉంచుకోవాలి. మూడవది: పెద్ద బొమ్మలతో నేరుగా కుస్తీ పట్టకుండా, వాటికి చిన్న నకళ్ళు తీసి, కోతా కూర్పూ వాటిమీద చేసి, చివర మాత్రమే పెద్దవాటిని వాడుకోవాలి. దీన్ని ప్రాక్సీ పద్ధతి అంటారు. దీనికి పైసా ఖర్చు లేదు. పన్నెండేళ్ళనుంచీ మావాడు చేయనూ లేదు.

నాలుగవ మాట చెప్పేటప్పుడు ఆయన పెట్టెమీద వేలి కణుపుతో కొట్టాడు. నేను ఉలిక్కిపడ్డాను. "రెండేళ్ళు, మూడేళ్ళు ఇది నీకు అన్నం పెడ్తది. పవర్ సప్లై దీనికి వేరే తీరుది, బజార్ల మామూలుగ దొరికేది కుదరది; పాతది ఒకటి దొరికితె తీసి పెట్టుకో. కాని మదర్‌బోర్డు పోయిననాడు నా దగ్గరికి తేకు. ఆ దినం దీనిమీద పెట్టే రూపాయి దండగ. అప్పటిదాక నెలనెలా కొంత పక్కకు పెట్టు."

మా అమ్మ ఉండి ఉంటే, ఈయన చేతికే గిన్నెలన్నీ ఇచ్చి ఉండేదనిపించింది.

రాత్రి బండికి తిరిగి వచ్చాము. మా మరదలు తలుపు తీసి, ముందు నా మొహం చూసి, తరువాత మూటవంక చూసింది. "ఎంతయింది బావగారూ?" అని అడిగింది. చెప్పాను. ఆమె ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి మాకు మంచినీళ్ళు తెచ్చింది. మరునాడు ములుగు అమ్మాయి వచ్చి, తండ్రి ఉన్న బొమ్మలన్నీ పెట్టిన డిస్కు తీసుకుపోయింది. మా తమ్ముడు దానికి డబ్బు తీసుకోలేదు.

సంక్రాంతికి నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, స్టూడియోలో యంత్రం పక్కన ఒక పాత హార్లిక్స్ సీసా కనబడింది. మూతకు చీలిక పెట్టి ఉంది. లోపల మడిచిన నోట్లు. కొత్త యంత్రం కోసమట. మా పాప దానిమీద కాగితం అంటించి ఏదో రాసింది. చదవబోయాను, అక్షరాలు అలుక్కుపోయాయి. నలభై దాటిన తరువాత వచ్చిన చత్వారం. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాను. "మదర్‌బోర్డు మంచిగుండాలె" అని ఉంది.

అంతలో కరెంటు పోయింది. అయిదు నిమిషాలకు వచ్చింది. మా తమ్ముడు మీట నొక్కాడు. తెర వెలిగి, ఆనాటి తేదీని సరిగ్గా చూపించింది.